పటము గీయక మునుపు

(సి.బెళగల్ పఠనమందిరమున జరిగిన సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ పఠనమందిరపు కార్యనిర్వాహకులు మమ్ము పిలిచినప్పుడు ఇండ్ల స్థలముల చట్టమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కోరిరి. వకీలు వృత్తిలో నున్నవానికి అంతకంటె సులభమైన పని లేదు. సెక్షనులు వరుసగా చదివి, మధ్యమధ్య రెండు తీర్పు లుదాహరించి, దండ వేయించుకొని, రాత్రి బస్సునకు కర్నూలు చేరవచ్చును. కాని వచ్చుచు బస్సు కిటికీ నుండి ఒక దృశ్యము చూచి మనసు మార్చుకొంటిమి. దారిలో నొక ఊరియందు రోడ్డు వెడల్పు చేయుటకై ఇండ్ల గోడలపై ఎఱ్ఱరంగుతో గుర్తులు పెట్టియుండిరి. ఒక ఇంట ఆ గీత అరుగు మీదుగాను, ఒక ఇంట గడప మీదుగాను, మఱియొక ఇంట దేవుని గూటి ప్రక్కగాను పోయినది. గీత క్రింద నొక ముసలమ్మ కూర్చుండి చేటలో కందులు చెరుగుచున్నది. ఆ గీత ఎవరు గీసిరో, ఎంతవరకు పోవునో ఆమెను అడుగుటకు బస్సు ఆగలేదు. ఆగినను ఆమె యేమి చెప్పగలదు? ఆమెను అడిగి గీసిన గీత కాదు గదా.

కావున నేడు చట్టమును కొంచెమే చెప్పి, ఊరిని తీర్చిదిద్దు పనిలో ఊరివారికి గల పాలెంత, ఆ పాలు వారికి దక్కుటకు శిల్పి యేమి చేయవలెను, మన మేమి చేయవలెను అను విషయమును మీ ముందుంచెదము.

ఈ విషయమున మేము నిర్దోషులము కాము. అది ముందు చెప్పి తీరవలెను. పదేండ్ల క్రిందట ఒక పట్టణమున, పేరు చెప్పము, బజారువీధిని వెడల్పు చేయుటకై ఇట్లే గీతలు గీసిరి. వీధివారు చందాలు పోగుచేసికొని మా యొద్దకు వచ్చిరి. నోటీసు సక్రమముగా ఇయ్యబడలేదనియు, అభ్యంతరములు వినబడలేదనియు మేము వాదించితిమి. నిలుపుదల ఉత్తరువు వచ్చెను. ఆ రాత్రి వీధిలో టపాకాయలు కాల్చిరి. మాకొక శాలువ కప్పిరి. రెండేండ్లకు పనిబడి మరల ఆ వీధికి వెళ్లితిమి. అరుగులన్నియు చెక్కుచెదరక నిలిచియున్నవి. వాని క్రింద మురుగును అట్లే నిలిచియున్నది; వాన వచ్చినప్పు డది ఇండ్లలోనికి వచ్చుచున్నది. నొప్పులు పడుచున్న ఒక ఆడకూతురును తీసికొనిపోవ వచ్చిన బండి సందు మొగను దాటలేకపోగా, ఆమెను మంచముమీద మోసికొనిపోయిరని శాలువ కప్పినవారే మాకు చెప్పిరి. ఆ వీధి వెడల్పు కారాదని మేము చెప్పితిమి గాని, ఆ వీధి యెట్లుండవలెనో వారిని ఒక్కనాడైన కూర్చుండబెట్టి అడిగితిమా? అడుగలేదు. గీత గీసినవారును అడుగలేదు. గీత చెరిపించిన మేమును అడుగలేదు. ఆ శాలువ యిప్పటికిని మా బీరువాలో నున్నది. కప్పుకొనుటకు మనసొప్పుట లేదు.

ఈ అడుగుట యనుదానినే యొక పద్ధతిగా మన దేశమున నడచి చూపినవాడు నూఱేండ్లకు పూర్వమే మన ప్రాంతమునకు వచ్చిపోయెను. ఆయన పేరు పాట్రిక్ గెడ్డెస్. స్కాట్లండు దేశీయుడు. 1854 అక్టోబరు 2న జన్మించెను. అక్టోబరు 2 అనగానే మన మనస్సు పోరుబందరునకు పోవును. గాంధీమహాత్మునికి సరిగా 15 ఏండ్లు పెద్దవాడు. ఆయన చదివినది వాస్తుశిల్పము కాదు, జీవశాస్త్రము. డండీ కళాశాలలో వృక్షశాస్త్రాచార్యుడు. మొక్కను పెఱికి చూచువాడు కాక, అది పుట్టిన మట్టిని, దానికి వచ్చు నీటిని, దానిపై వ్రాలు తుమ్మెదను కలిపి చూచువాడు గనుక ఊరిని గూడ అట్లే చూచెను. పట్టాగల శిల్పు లాయనను తమవానిగా అంగీకరించుటకు మొదట కొంత వెనుకాడియుందురు. నేడు వారి పాఠశాలలలో ఆయన పేరు చెప్పని అధ్యాపకుడు లేడు.

1886లో వివాహమైన పిమ్మట ఆయనయు భార్య అన్నాయు ఎడింబరో పాతనగరమున బీదలు క్రిక్కిరిసిన జేమ్స్ కోర్టు అను లోగిలిలో కాపురము పెట్టిరి. కలవారు క్రొత్తనగరమునకు తరలిపోవుచున్న కాలమది. ఆచార్యుడు ఎదురుదారిని పోయి, ఇరుగుపొరుగువారిని కలుపుకొని మెట్లు కడుగుట, గోడలకు సున్నము పూయుట, కిటికీలలో పూలమొక్కలు పెట్టుట మొదలిడెను. ఆయన విద్యకు ఓనమాలు అచట దిద్దబడినవి. బీదవానికి ఇల్లు కట్టి యిచ్చుట గొప్పపనియే. వాని ప్రక్కయింట కాపురముండి వానితోపాటు చీపురు పట్టుట వేఱొక పని. ఇది యెందఱు చేయుదురు?

1914లో మద్రాసు గవర్నరు పెంట్లాండు ప్రభువు ఆహ్వానమున గెడ్డెస్ హిందూదేశమునకు వచ్చెను. అనేక దేశముల పట్టణముల పటములు, చిత్రములు, నమూనాలు కూర్చిన ప్రదర్శనమొకటి ఆయనకు ఏండ్ల తరబడి చేసిన కష్టఫలము. దానిని క్లాన్ గ్రాంట్ అను ఓడకెక్కించి పంపిరి. యుద్ధము ప్రారంభమైన దినములు. ఆ సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవుపై గుండ్లు కురిపించిపోయిన ఎమ్డెన్ అను జర్మను నౌకయే అక్టోబరులో హిందూమహాసముద్రమున ఈ క్లాన్ గ్రాంటును ముంచివేసెను. జీవితకాలపు పటములు సముద్రము పాలైనవి. మఱియొకడైనచో తిరుగు ఓడ యెక్కియుండును. ఈయన మిత్రులకు వ్రాసి క్రొత్త పటములు తెప్పించి 1915 ఆరంభమున మద్రాసులో ప్రదర్శనము పెట్టెను. పిమ్మట పటములను వదలి ఊళ్లు తిరుగుటకు బయలుదేరెను.

ఆ యేట మద్రాసు రాజధానిలో ఆయన చూచి నివేదిక వ్రాసిన పట్టణములలో బళ్లారి యొకటి. ఈ మాట ఇచట ఎందుకు చెప్పుచున్నామనగా, ఆనాడు ఆదవాని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడిన నాడు గదా అది మన కర్నూలు జిల్లాలో చేరినది. అనగా ఈ పడమటి సీమ ప్రజలు తమ వ్యాజ్యములకై, తమ అర్జీలకై పోయిన జిల్లా కేంద్రపు సందులలో ఆ తెల్లగడ్డపు ముసలాయన నడచెను. మన తాతలలో ఎవరైన ఆయనకు ఎదురుపడియుండవచ్చును. దొర దారితప్పెనని నవ్వుకొనియు నుండవచ్చును.

ఆయన పని తీరు చూడుడు. సామాన్యముగా పట్టణపు పటము కచేరీలో బల్లమీద పుట్టును. కొలబద్దకు తిన్ననైన గీతయే తెలియును గనుక ఆ గీత ఎవరి వంటయింటిలో నుండి పోయినను దానికి నొప్పి లేదు. గెడ్డెస్ మొదట నడచెడివాడు. పటము చేతబట్టుకొని సందు సందునను తిరిగి, ఏ చెట్టు క్రింద జనులు కూర్చుందురో, ఏ బావి యెండిపోయినదో, ఏ యిల్లు కూలి పాడుపడియున్నదో, ఏ గుడి ముందు జాగా యున్నదో గుర్తు పెట్టుకొనెడివాడు. దీనికి రోగనిర్ణయ మని పేరు పెట్టెను. నాడి చూడక మందిచ్చు వైద్యుని మనము వైద్యుడనము గదా. ఆ పిమ్మట చేయు చికిత్సయు కనికరముతో కూడినదే. కూలిపోయిన రెండిండ్ల మొండిగోడలు తీసివేసి అచట చిన్న బయలు చేయుట. ఆ బయటిలో నొక చెట్టు నాటి, చుట్టు కట్ట కట్టుట. మూసికొనిపోయిన సందును మరల తెఱచుట. వంకర సందు వంకరగానే యుండినను గాలియు బండియు పోవునట్లు ఇఱుకైన చోట మాత్రము కొంచెము కోయుట. తంజావూరిలో ఇండ్ల గుంపును నిలువుగా అడ్డముగా చీల్చి వెడల్పు వీధులు వేయవలెనని పురపాలకులు పథకము సిద్ధము చేసియుండగా, ఈయన తన పద్ధతిని అదే పేటకు అన్వయించి, కొద్ది యిండ్లను మాత్రమే తీసి, ఆ పథకపు ఖర్చులో స్వల్పభాగముతో అదే ప్రయోజనము సాధింపవచ్చునని లెక్క వేసి చూపెను. ఆ లెక్క ఇంజనీరులకు రుచించియుండదు. ఖర్చు తగ్గించువానిని కంట్రాక్టరులు ఏ కాలమున ప్రేమించిరి?

చెఱువులను గూర్చియు అంతే. చలిజ్వరము దోమవలన వచ్చునని తేలిన క్రొత్తలో ఊరి చెఱువులను, కోనేరులను పూడ్చివేయవలెనని ఆరోగ్యశాఖవారు పట్టుపట్టిరి. గెడ్డెస్ చెఱువును చంపనక్కఱలేదు, అందు చేపలను బాతులను పెంచుడు, దోమపిల్లలను అవి తినివేయును అనెను. చెఱువు పోయినచో బావులలో నీరు పోవును, వేసవిలో చల్లదనము పోవును, ఆడువారు కలసికొను చోటు పోవునని వాదించెను. వేసవిలో బిందె లెత్తుకొని తిరుగు మన సీమవారికి ఇది వివరింప నక్కఱలేదు. పూడ్చిన కుంటలమీద లేచిన కాలనీలు మన జిల్లాలో ఎన్ని గలవో, వానలలో ఆ యిండ్లలోనికి నీరెందుకు వచ్చుచున్నదో మీకే తెలియును. నీటికి జ్ఞాపకశక్తి యెక్కువ.

ఇండోరు సంస్థానమున 1917-18లో ఆయన పనిచేసినప్పటి ముచ్చట యొకటి చెప్పక పోలేము. ఊరిలో ప్లేగు. జనులకు మునిసిపాలిటీ యనిన భయము. ఇండ్లు పడగొట్టుటకే వచ్చిరని తెల్లగడ్డపు దొరను చూచి తలుపులు మూసికొనెడివారు. గెడ్డెస్ మహారాజును ఒక్కదినము తన్ను మహారాజుగా చేయుమని కోరెనట. అధికారము దొరికినవెంటనే చేసినదేమి? దీపావళి ఊరేగింపు ఈ యేడు పాతదారిని పోదు, ఏ వీధులవారు తమ వీధిని బాగుగా శుభ్రము చేసికొని ఇండ్లు మరమ్మతు చేసికొందురో ఆ వీధులలోనే పోవునని చాటించెను. చెత్త ఎత్తించు ఖర్చు సర్కారుది. ఇక చూడుడు, ఊరంతయు చీపురు పట్టినది. ఊరేగింపులో ఏనుగులు, సేనలు నడచినవి. ప్లేగురాక్షసి బొమ్మయు, ఎలుక బొమ్మయు నడచినవి. వారివెనుక ఊరి పాకీపనివారు తెల్లని బట్టలు కట్టి, మెడలో పూలదండలతో, క్రొత్త చీపుళ్లు భుజాన వేసికొని నడచిరి. ఏ వీధిలో వారిని చూచి జనులు ప్రక్కకు తొలగెడివారో ఆ వీధిలోనే వారికి ఆనాడు దారి యిచ్చి నిలిచిరి. ఈ చివరి సంగతి మాకు ఊరేగింపంతటికంటె పెద్దదిగా కనబడుచున్నది. ఒక్కదినపు మర్యాదతో వారి బ్రతుకు మాఱెనని మేమనము. మఱునాడు మరల అదే చీపురు, అదే కూలి. అయినను, ఊరిని నిలువబెట్టుచున్నది ఎవరి చేతులో ఒక్కసారి ఊరందఱి కన్నులకు కట్టినది.

స్థలము, వృత్తి, జనము, ఈ మూటిని విడదీయరాదని ఆయన సిద్ధాంతము. ఇది మనకు ఎమ్మిగనూరు చూచిన అర్థమగును. మాచాని సోమప్పగారు 1938లో అచట చేనేతవారి సహకారసంఘమును స్థాపించిరి; ఆయనకు 1954లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. ఆ ఊరి నేతవాడలో తెల్లవాఱుజామున నడచి చూచినవారికి తెలియును, నేతవానికి వీధియనగా బండ్లు పోవు దారి మాత్రమే కాదు. పడుగును వీధి పొడవునా చాచి, ఎండ ముదురక మునుపే గంజిపెట్టి, ఆలుబిడ్డలందఱు రెండువైపుల నిలిచి ఆరవేయవలెను. ఇంటిలో గుంటమగ్గమునకు నేల తడి చాలవలెను, కిటికీ వెలుతురు నేతవాని చేతిమీద పడవలెను. ఇప్పుడొక శిల్పి, ఎంత చదివినవాడైనను సరే, పట్టణమున కూర్చుండి నేతవారికి మూడంతస్తుల మేడ గీసెననుకొనుడు. పై యంతస్తున గుంట త్రవ్వుటెట్లు? పడుగు చాచుటెచట? ఇల్లు వచ్చును, మగ్గము పోవును. ఆ శిల్పి దుర్మార్గుడు కాడు. ఒక్క ఉదయము ఆ వీధిలో నిలుచుండి, ఒక నేతగత్తెను రెండు ప్రశ్న లడిగియుండినచో ఆ మేడ గీసియుండెడివాడే కాడు.

2009 అక్టోబరు తొలి దినములలో తుంగభద్ర పొంగి మంత్రాలయమును, కర్నూలు నగరమును ముంచినది మీరు మఱచియుండరు. మా కార్యకర్తలతో కూడ ఆ వారమంతయు అన్నపు పొట్లములు మోసితిమి. తరువాత నది యొడ్డు పల్లెవారికి మెఱకను ఇండ్లు కట్టించిరి. అట్టి కాలనీ యొకదానికి కొన్నియేండ్లకు వెళ్లితిమి. ఊరి పేరును, దాతల పేరును చెప్పము, ఏలన వారు మంచి మనసుతోనే యిచ్చిరి. ఇండ్లు గట్టివి. వరుసలు తిన్ననివి. కాని పలు ఇండ్లకు తాళములు. ఎందుకని అడుగగా ఒక రైతు మమ్ము ఇంటి ముందు నిలువబెట్టి, “అయ్యా, ఎద్దులను ఎక్కడ కట్టేయాలో చూపించండి” అనెను. చుట్టు చూచితిమి. దొడ్డి లేదు, గడ్డివామికి జాగా లేదు, దిబ్బకు తావు లేదు. మన చవుడుమిద్దెల పాతయింటిలో ఎద్దులకు ముందు చోటు, మనుష్యులకు తరువాత చోటు. ఆయన నది మరల వచ్చునని యెఱిగియు పాత ఊరికే పోయి పశువుల దగ్గర పండుకొనుచున్నాడు. ఇండ్లు కట్టక ముందు ఆయన నెవరైన ఈ మాట అడిగియుండిన, ఖర్చు పెరుగకయే వరుస మాఱియుండును.

ఇచట మీలో కొందఱు మనసులో ననుకొనుచుండుట మాకు వినబడుచున్నది. “అందఱిని అడుగుచు కూర్చున్న పని యెప్పటికగును? పదిమందిని పిలిచిన పదునొకండు మాటలు.” నిజమే. అడుగుట ఆలస్యమే. మా అనుభవమున మఱియొక కష్టము దీనికంటె పెద్దది. ప్రజ, ప్రజ యని వేదికలమీద మేము అరచుచుందుము గాని, ఊరిలో ప్రజ యను మనిషి ఒక్కడు లేడు. రచ్చకట్టపై కూర్చుండువాడు ఒకడు, క్రింద నిలుచువాడు వేఱొకడు. రోడ్డు వెడల్పయినచో దుకాణము విలువ పెరుగువాడు ఒకడు, బండి తీసివేయవలసిన బజ్జీలామె వేఱొకతె. ఊరి మురుగు పల్లమునకు పోవలెనని అందఱును ఒప్పుకొందురు. ఆ పల్లమున నున్నది దళితవాడ యని చెప్పువాడు సభలో నుండడు, ఉండినను వాని మాట వరకు పొద్దుండదు. నీరు మోయునది ఆడుది, కొళాయి ఎచట వేయవలెనో తీర్మానించునది మగవారు. అట్టి సభ యేకగ్రీవముగా చేసిన తీర్మానమునకు విలువ యెంత? కావున శిల్పి సభ పెట్టినంతనే అడిగినట్లు కాదు. సభకు రానివారి గుమ్మమునకు తానే పోవలెను. గెడ్డెస్ నడక యొక్క అర్థమదియే.

ఆయనను పూర్తిగా పొగడుటయు మాకు సమ్మతము కాదు. ఆయన గవర్నరుల అతిథి, సంస్థానాధిపతుల సలహాదారు. ఆయన నడచిన పట్టణములలో అధికాంశము జనులకు ఓటే లేదు. ఆయన నివేదికలు ఆంగ్లమున వ్రాయబడినవి. బళ్లారి సందులోని కన్నడిగుడు గాని తెలుగువాడు గాని తన సందును గూర్చి ఆయన యేమి వ్రాసెనో చదువుకొనగల వాడు కాడు. ఊరివారిని అడుగవలెనన్న మనిషి, ఊరివారికి అందని భాషలో జవాబు వ్రాసిపోయెను. ఆ నివేదికలలో పెక్కు బీరువాలలోనే నిదురించినవి. 1917లో కొడుకును యుద్ధమునకు బలియిచ్చి, అదే యేట భార్యను ఈ దేశపు జ్వరమునకు బలియిచ్చి, అయినను పని మానక, 1919 నుండి బొంబాయి విశ్వవిద్యాలయమున సమాజశాస్త్ర పౌరశాస్త్రముల ఆచార్యుడై పాఠము చెప్పి, 1924లో వెడలిపోయి 1932లో ఫ్రాన్సున కన్నుమూసెను. ఆయన వదలిపోయిన లోటు మనము పూరింపవలసినది. నివేదిక తెలుగున నుండవలెను. చదువరాని వారికి చదివి వినిపింపబడవలెను.

తరువాతి కాలమున మన రాష్ట్రములలో ఈ దారి పూర్తిగా మూసికొనిపోలేదు. హైదరాబాదులో 1967లో పట్టణ సామాజికాభివృద్ధి యను పథకము ప్రారంభమైనది. కార్యకర్తలు బస్తీలలో తిరిగి, బస్తీవారి సంఘములతో కూర్చుండి, ఏమి కావలెనో వారిచేతనే చెప్పించిరి. పిదప స్థలమునకు పట్టాలు, ఇంటికి అప్పు ఇప్పించగా బస్తీవారే తమ యిండ్లు కట్టుకొనిరి. విశాఖపట్టణమునకు, విజయవాడకు ఆ పద్ధతి వ్యాపించినది.

అమరావతి మాట యెత్తిన సభలో వేడి పుట్టును. రాజధాని వివాదములో మేమిప్పుడు ప్రవేశింపము. మన సీమవారికి 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటినుండి ఆ విషయమున చెప్పుకొనవలసినవి వేఱుగా గలవు. ఒక్క న్యాయాంశము మాత్రము చూడుడు. 2015లో అచటి రైతులు 33 వేల ఎకరములకు పైగా భూమిని సమీకరణ పద్ధతిని ఇచ్చిరి. లోకప్రసిద్ధులైన శిల్పులు ఆ నగరమునకు పటములు గీసిరి. 2019 డిసెంబరులో సర్కారు ఆలోచన మాఱినప్పుడు ఆ శిల్పుల పటములు రైతులను రక్షింపలేదు. రక్షించినది రైతుల చేతిలోని ఒప్పందపు కాగితము. 2022 మార్చి 3న ఉన్నత న్యాయస్థానము, భూమి యిచ్చినవారికిచ్చిన మాట సర్కారు తప్పరాదని తీర్పు చెప్పెను. కాలపరిమితుల విషయమున తరువాత సుప్రీంకోర్టు నిలుపుదల యిచ్చినను, రైతు ఆ పథకమున ప్రేక్షకుడు కాక పక్షకారుడై నిలువగలుగుటకు కారణము అతడు ముందే అందులో సంతకము చేసిన భాగస్వామి యగుటయే. భూమి లేని కూలివాని చేతిలో అట్టి కాగిత మేది యను ప్రశ్న మాత్రము మిగిలియున్నది.

ఇక చట్టము, మేము మాట యిచ్చినట్లు కొంచెమే. మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టము 1920 నాటిది. ముసాయిదా ప్రకటించి అభ్యంతరములు వినవలెనను నియమము ఆ చట్టకాలమునుండియు మనకున్నది. 1992 నాటి రాజ్యాంగ సవరణలలో 74వది పురపాలకముల పనులుగా 18 అంశములు చెప్పినది. వానిలో మొట్టమొదటిది పట్టణ ప్రణాళికయే. వార్డు కమిటీలను మాత్రము 3 లక్షలు, అంతకు మించి జనులున్న పురపాలకములకే రాజ్యాంగము తప్పనిసరి చేసినది. 2011 జనసంఖ్యను బట్టి ఆదవానికిని ఎమ్మిగనూరునకును ఆ బలము లేదు. చిత్రమేమనగా, పట్టణమునకు లేని బలము మీ పల్లెకు గలదు. 1994 పంచాయతీరాజ్ చట్టమున ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును గ్రామసభకు సభ్యులే. ఎన్నికైనవారు మాత్రమే కాదు, మీరందఱును. ఈ మందిరములోని వారిలో గడచిన గ్రామసభకు పోయినవారు చేతు లెత్తుడని అడుగవలెనని యుండెను గాని, సభామర్యాద కొఱకు మానుకొంటిమి.

అభ్యంతరముల నోటీసు సంగతియు మీకు చెప్పవలెను. అది కార్యాలయపు గోడకు అంటింపబడును. పత్రికలో ఒక మూలను చిన్న అక్షరములతో పడును. పటము చూడగోరినచో కచేరీకి రమ్మందురు. పోయినచో రంగురంగుల కాగితము చూపుదురు. పసుపు నివాసమట, నీలము వ్యాపారమట. తన యిల్లు ఎచట నున్నదో ఆ కాగితముపై గుర్తుపట్టలేక తిరిగివచ్చిన పట్టభద్రులను మే మెఱుగుదుము. అందులో మేమును ఒకరము. గడువు దాటిన మఱునాడు గోడపై ఎఱ్ఱగీత పడును, అప్పుడు వకీలు ఇంటికి జనులు వత్తురు.

2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వము స్వామిత్వ యను పథకమును ప్రారంభించినది. గ్రామకంఠములోని ఇండ్లను డ్రోనులతో ఆకాశమునుండి చిత్రించి, కొలిచి, హక్కుపత్రములిచ్చు పథకమిది. గ్రామకంఠపు ఇంటికి దస్తావేజు లేక బ్యాంకునుండి వట్టిచేతులతో తిరిగి వచ్చినవారికి ఇది మేలే. కాని పైనుండి చూచు యంత్రమునకు మిద్దెల కప్పులు కనబడును. ఏ మిద్దె క్రింద ఇద్దఱన్నదమ్ములు గోడ లేకయే పంచుకొని కాపురముందురో, ఏ సందులో నుండి దళితవాడవారు తరతరములుగా బావికి పోవుచున్నారో, ఏ ఖాళీజాగా ఊరివారు కల్లముగా వాడుకొనుచు ఎవరి పేరను లేకున్నదో దానికి తెలియదు. అది తెలిసినవారు ఇచట బెంచీలమీద కూర్చుండియున్నారు. పటముపై ఆ జాగా సరిహద్దు ఒక్కసారి తప్పుగా పడినచో సవరించుటకు ఎన్నేండ్లు పట్టునో మా వృత్తివారి నడుగుడు. మా బియ్యము దానితోనే వచ్చుచున్నది.

మీ సి.బెళగల్ ఇప్పుడు మండలకేంద్రము. కచేరీలున్నవి, బడులున్నవి, బస్సు లాగుచున్నవి. దుకాణములు పెరుగును, రోడ్డు పెరుగును, ఏదో యొకనాడు ఎవరో యొకరు పటము చేతబట్టుకొని వత్తురు. వారు వచ్చుటకు ముందే మన పటము మనయొద్ద నుండవలెనని కోరుచున్నాము. ఇది కష్టమైన పని కాదు. ఈ ఊరి చావడినుండి బయలుదేరి ఊరంతయు నడచుటకు ఒక ఉదయము చాలును. ప్రతి బావి, ప్రతి కొళాయి, ప్రతి పెద్దచెట్టు, మురుగు నిలుచు ప్రతి మూల, వాననీరు వచ్చు ప్రతి వంక, పాడుపడిన ప్రతి యిల్లు, పశువులు పోవు బాట, శ్మశానమునకు పోవు బాట, ఇవన్నియు గుర్తుపెట్టవలెను. ఎవరి బాటకు ఎవరు కంచె వేసిరో అదియు వ్రాయవలెను. అచట కొంచెము మాటలు పెరుగును, పెరుగనిండు. నగరమున ఇండ్లు కట్టు శిల్పి మిత్రుడొకడు మాతో వచ్చుటకు ఒప్పుకొన్నాడు. ఆయన కొలతలు చూపును, గీయడు. గీయుట మీ బడిపిల్లల చేత చేయింతము.

వచ్చు ఆదివారము ఉదయము ఆఱు గంటలకు మేము చావడి వద్ద నుందుము. పెద్దకాగితములు, కొలత టేపు మేము తెచ్చెదము. ప్రతి వాడనుండి కనీసము ఒక ఆడుమనిషి, ఒక మగమనిషి రావలెను. దళితవాడకు మొదట పోయెదము. ఎండ ముదిరిన పిమ్మట చివరివారి వరకు పోవు ఓపిక ఎవరికి నుండదని మా అనుభవము. పేర్లు వ్రాయుటకు పుస్తకమొకటి ఈ మందిరపు బల్లపై, పత్రికల ప్రక్కను పెట్టియున్నాము. కలము దానికి దారముతో కట్టబడియున్నది.